ఒక్క తప్పూ లేని సాధన

ఉరవకొండ

తమ్ముడు జయరాంకు,

నీ మేనల్లుడు ఓబిలేష్ నిన్ను కొత్త కీబోర్డు కొనిమ్మని అడిగాడట, మరదలు చెప్పింది. నాకు తెలియకుండా అడిగాడంటేనే అనుమానంగా ఉంది. ఫోన్లో మాట్లాడితే వాడి చెవిన పడుతుందని రాస్తున్నాను.

నేను నిలదీస్తే, "పాతదాని మీద ఎంత వాయించినా ఇంతేమ్మా. కొత్తదుంటేనే పెండ్లి కచేరీలోళ్లు పిలుస్తారు" అన్నాడు.

నాయన హార్మోనియం నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? ఒక్క భజన పాటకు వారం పాటు ఇల్లంతా తప్పులతో మోగేది. వీడు తలుపు వేసుకుని సాధన చేస్తే ఒక్క తప్పూ వినపడదు. మొదట్లో మురిసిపోయాను. రానురాను నమ్మకం కుదరలేదు.

ఈ ఆషాఢం గాలికి పొద్దున తుడిచిన ఇంట్లో సాయంత్రానికి మళ్లీ ఎర్రదుమ్ము. నిన్న వాడు సాధన ముగించి బయటికి పోగానే గదిలోకి వెళ్లి చూశాను. కీబోర్డు మెట్లన్నిటి మీదా దుమ్ము చెదరకుండా ఉంది. పక్కనున్న ఒక్క మీట మాత్రం తళతళలాడుతోంది. నొక్కాను. ఇన్నాళ్లూ వంటింట్లో పొయ్యి తగ్గించి మరీ నేను విన్న పాట, దానంతట అదే మొదలైంది.

ఈ సంగతి వాడితో ఇంకా అనలేదు. నువ్వూ అనవద్దు, కొత్తదీ కొనవద్దు. నీ దగ్గరున్న నాయన హార్మోనియం తీసుకుని రా.

ఈ ఇంట్లో మళ్లీ తప్పులు వినాలని ఉంది.

మీ అక్క