బస్టాపు దగ్గరి తల్లి

జూలై 3

ఉదయం ఏడు. నాచారం బస్టాపు. కుక్కల ఆశ్రయం వ్యాను, వల, సత్తెన్న, నేను. ఎదురుగా గోధుమరంగు ఆడకుక్క. ఈ వీధిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కావలసినవాటిలో మిగిలింది ఇదొక్కటే.

సత్తెన్న కదలడు. ఏళ్ల తరబడి కుక్కలు పట్టిన మనిషి. వల భుజాన వేసుకుని నిలబడ్డాడు. "ఇయ్యాల ఒద్దు. దీని నడక సూస్తె పిల్లలున్నట్టే కొడ్తంది."

పాలిచ్చే తల్లిని పట్టరాదన్నది మా మొదటి నియమం. తెలుసు. కానీ తల్లి అనడానికి ఆధారం? పొట్ట జారలేదు. మూడు రోజులుగా గమనిస్తున్నాం, వెంట ఒక్క పిల్ల లేదు. వదిలేస్తే మళ్లీ ఈనుతుంది, ఆ పిల్లలు లారీల కింద పడతాయి. నడకను సాక్ష్యంగా ఎవరు అంగీకరిస్తారు? — ఇవన్నీ నేను వరుసగా, గుక్క తిప్పుకోకుండా.

"నీతోని మాట్లాడి గెలుస్తనా లాయరమ్మా!" (చదివేది చరిత్ర. వాదిస్తాను గనుక లాయరమ్మను.)

వల విసిరాడు. కాలేజీ వేదిక మీద కూడా ఇంత త్వరగా ఎవరూ లొంగలేదు.

సాయంత్రం నుంచి వాన.

జూలై 4

 

ఆపరేషన్ బల్ల. మత్తు సూది సిద్ధం చేసుకుని డాక్టరమ్మ అలవాటుగా పొట్ట తడిమింది. ఆగింది. రెండు వేళ్లతో ఒక చన్ను నొక్కింది. తెల్లని బొట్టు. ఒక్కటే.

"దీన్ని ఎవలు పట్టమన్నరు?"

నేను — అన్నాను.

"పాలు తగ్గే టైము, గందుకే పొట్ట తెల్వలే. నెల పిల్లలుంటయ్. ఉరుకున్రి!"

ఒక పగలు, ఒక రాత్రి, తెరిపివ్వని వాన... ఎక్కడో పిల్లలు. ఆ చోటు దానికొక్కదానికే తెలుసు.

పట్టిన చోటనే వదలాలి — అది రెండో నియమం. బస్టాపులో బోను తలుపు తీశాం. బయటికి వచ్చింది. కూర్చుంది. మమ్మల్నే చూస్తోంది. ముందు సత్తెన్న పెట్టిన కోడికూర అన్నం, ముట్టదు. వెంట పరుగెత్తడానికి నేను సిద్ధం. సత్తెన్న నా భుజం పట్టి వెనక్కి తిప్పాడు.

"అటు సూడకు. మనం సూస్తుంటె సచ్చినా పోదు. పిల్లలున్న జాగ పగోనికి జూపిస్తదా?"

పగవాడు. అంటే నేను.

వ్యాను వెనకే తెచ్చుకున్న తన మోటారు బండికి స్టాండు వేసి, కుక్కకు వీపు పెట్టి కూర్చున్నాడు. అద్దం కొంచెం వంచాడు. "గిండ్ల సూడు. సప్పుడు జెయ్యకు."

అరచేయంత అద్దం. అందులో బస్సులు, గొడుగులు, మందుల కంపెనీ షిఫ్టుకు పరుగెత్తే కాళ్లు. వాటి నడుమ అది. నిన్నటి నుంచి పస్తు. మేము చూడటం లేదనుకుని వంగింది. మాంసం ముక్క పళ్ల మధ్య పట్టింది... మింగలేదు. అటు చూసింది, ఇటు చూసింది. లేచింది.

అంతటి ఆకలిని నోట కరుచుకుని, మింగకుండా రోడ్డు దాటింది!

దూరంగా, చాలా దూరంగా మేము. మూతపడిన ఇంజినీరింగ్ షెడ్డు. కూలిన గోడ. గడ్డిలో పెద్ద సిమెంటు పైపులు. ఒకదాని ముందు నీళ్లు నిలిచి ఉన్నాయి.

వంగి చూశాను. నాలుగు పిల్లలు. పొడిగా. సజీవంగా. వాటిని చుట్టుకుని ఇంకొక కుక్క — మూతి నెరిసిన ముసలిది. ఎడమ చెవి కొస కోసి ఉంది: ఆపరేషన్ అయినదానికి పెట్టే గుర్తు. ఇవి దాని పిల్లలు కావు. దానికిక పిల్లలు పుట్టవు.

ముసలిది తల వంచింది. డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి. తిన్న అన్నమంతా పిల్లల ముందు కక్కింది. అవి ఎగబడ్డాయి.

తల్లి మాంసం ముక్కతో లోపలికి దూరింది. ముసలిది లేచి, మారుమాట లేకుండా చోటిచ్చింది.

సత్తెన్న గుసగుస: "గేటుది. నాలుగేండ్ల కింద నేనే పట్టిన. చెవి గోసినంక నేనే తెచ్చి ఈడ ఇడిశిన." ఆయనకు కుక్కల పేర్లుండవు, ప్రతి కుక్కకూ ఒక చోటు ఉంటుంది. గేటుది. బస్టాపుది.

 

జూలై 5

తప్పు నాదే అని సత్తెన్నకు చెప్పాను.

"నోరు నీది. చెయ్యి నాదే గదా."

జూలై 6

పక్క కంపెనీ వాచ్‌మన్ యాదగిరి మామ: "గా ముసల్దా? రోజు నా డబ్బల సగం దింటది. గీ నెల సంది ఒకటే ఆకలి, ఏం రోగమొచ్చిందో అనుకున్న. ఎనుకకు తీస్కపోయి సంసారం నడిపిస్తందని ఎవనికెరుక!"

నవ్వాడు. నేనూ నవ్వబోయి — ఏడ్చాను.

జూలై 21

నేను రోజూ వెళుతున్నాను. పాలన్నం. బస్టాపుది మొదట ఇరవై అడుగుల దూరంలో. ఇప్పుడు పది.

ఆగస్టు 5

పిల్లలకు ఇళ్లు దొరికాయి. రెండు ఉప్పల్‌లో ఒకే ఇంటికి, ఒకటి డాక్టరమ్మ అక్క ఇంటికి. నాలుగోదానికి యాదగిరి మామే చేయి చాచాడు. "సగం డబ్బ ఎట్లాగూ పోతనే ఉంది."

ఆగస్టు 8

తల్లి ఇంకా పైపులో వాసన చూస్తూనే ఉంది. పంపడం మంచికే. అది నిరూపించగలను. దానికి నిరూపించలేను.

ఆగస్టు 11

చర్చాపోటీకి పేరివ్వమన్నారు. ఇవ్వలేదు.

ఆగస్టు 19

తల్లికి పాలు పూర్తిగా ఆగాయి. ఇప్పుడు పట్టాలి, ఆలస్యమైతే మళ్లీ చూలు కడుతుంది. కానీ వ్యాను చప్పుడుకే మాయం. సత్తెన్న బండి మలుపు తిరిగేలోగా మాయం. వల సంగతి దానికి కంఠస్థం.

ఆగస్టు 23

నాలుగోసారీ దొరకలేదు. సత్తెన్న వల మడిచి నా చేతిలో మెత్తని తాడు పెట్టాడు. చివర ఉచ్చు.

"ఒక్క నీ దగ్గరికే వస్తంది. నువ్వే ఎయ్యాలె, బిడ్డా."

"తరువాత నన్ను మళ్లీ నమ్ముతుందా, సత్తెన్నా?"

"గది నన్నడిగితె?"

ఆగస్టు 24

ఉదయం. పైపు పక్కన కూర్చున్నాను. కుడిచేతిలో అన్నం. తాడు పట్టిన ఎడమచేయి వెనక.

ఈసారి పట్టడం న్యాయమే. మూడు కారణాలున్నాయి, మూడూ బలమైనవే. అద్దం అక్కర లేదు. అది సూటిగా నా కళ్లలోకి చూస్తూ వస్తోంది. ఐదడుగులు. రెండు. అన్నం తినలేదు — ముందుగా తల నా మోకాలి మీద ఆనించింది. తడి ముక్కు. వెచ్చని బరువు. ముసలిది గోడ దగ్గర నిలబడి చూస్తోంది.

ఎడమచేయి ఇంకా వెనకనే...