ముఖస్వామికి కునుకు పట్టేదాకా

వర్తూరు,
జూలై 2.

సర్జాపుర రోడ్డులోని సొగసు షేవింగ్ సామగ్రి దుకాణం వారికి,

నమస్కారం. మీ బ్లేళ్ల పెట్టెలో మడిచి పెట్టిన కాగితంపై "మీ భాషలోనే మాకు చెప్పండి" అని ఆరు భాషల్లో అచ్చు వేశారు. కనుక తెలుగులో చెబుతున్నాను. మొదట మీ ఫోను నంబరుకు ప్రయత్నించాను. ఒకటి నొక్కమని, రెండు నొక్కమని ఒక యంత్రం నన్ను ఆదేశించింది. ముప్పై నాలుగేళ్లు కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి, ప్రశ్నలు అడగడమే తప్ప జవాబులు చెప్పడం అలవాటు లేనిదాన్ని. అందువల్ల ఈ ఉత్తరం. దీనితోపాటు మీ జవాబుకు స్టాంపు అంటించిన కవరు.

మీ 'మెరుపు' రెండంచుల బ్లేడు అవసరానికి మించి పదునుగా ఉంది. ఇది తెలియనితనంతో చేస్తున్న ఫిర్యాదు కాదు. బ్లేడుతో నా పరిచయం మీ దుకాణం వయసు కన్నా పెద్దది. చిక్కుడు కాడను అడ్డంగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టదగినంత పలచని పొర తీయడం వేలమంది పిల్లలకు నేర్పాను. అదే చేతితో నిన్న ఉదయం గడ్డం గీస్తే మొదటి నిమిషంలోనే మూడు గాట్లు పడ్డాయి.

ఆగస్టు పదిహేడున పెళ్లి ఉంది. ఆనాటికి ఈ ముఖం మీద ఒక్క వెంట్రుక గాని, ఒక్క గాటు గాని కనబడరాదు. లోపం బ్లేడుదో, మరి దేనిదో వివరంగా తెలపండి.

ఇట్లు,
ఎదురుచూడడం అలవాటు లేని
కె. నేత్రావతి, ఎం.ఎస్‌సి.

తా.క.: ఇంట్లో దూది అయిపోవడంతో గాట్లపై వార్తాపత్రిక ముక్కలు అంటించాను. సాయంత్రం వరకు ఎడమ చెంపపై టమాటా ధర చదువుకోవడానికి వీలుగా ఉండింది.


సర్జాపుర రోడ్డు,
జూలై 8.

ఎంతో గౌరవనీయులైన నేత్రావతి మేడం గారికి, వినియోగదారుల విభాగం నుంచి హేమంత్‌కుమార్ రాస్తున్నాను.

మా దుకాణంలో తెలుగు చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే మేడం. కాబట్టి మీ ఉత్తరం ఇంకెవరూ చదవలేదు. ఇది సున్నితమైన విషయం కదా, అందుకే ముందు ఆ మాట చెబుతున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక వయసు వచ్చాక చాలామంది ఆడవాళ్లకు గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తాయి. మా పెద్దమ్మకు నాలుగు ఉన్నాయి. ఆమె కూడా పెళ్లిళ్లకు ముందే కంగారు పడుతుంది.

బ్లేడులో లోపం లేదు మేడం. మా అన్నింటిలోనూ పదునైనది అదే. చేయి అలవాటు పడేవరకు కష్టం. అస్సలు నొక్కకండి, రేజరు బరువే చాలు. ముప్పై డిగ్రీల కోణంలో పట్టుకోండి. వెంట్రుక వాలిన దిక్కుగా పొట్టి పొట్టి గీతలు గీయండి. ఏం చేసినా రేజరును పక్కకు మాత్రం జరపకండి. గాటు పడితే పటిక రాయండి. ఒక బిళ్ల ఉచితంగా పంపుతున్నాను.

ఇట్లు,
మీ రహస్యం నా రహస్యంగా దాచుకునే
హేమంత్‌కుమార్

తా.క.: ఆడవాళ్ల కోసం గులాబీ రంగు రేజరు కూడా ఉంది మేడం. పెట్టె మీద ఏమీ రాయకుండా పంపుతాం. మా పెద్దమ్మ తనదాన్ని బియ్యం డబ్బాలో దాస్తుంది.


వర్తూరు,
జూలై 12.

హేమంత్‌కుమార్ గారికి, మీ పెద్దమ్మగారి నాలుగింటి క్షేమాన్ని కోరుతూ,

నా ముఖం నా డెబ్బై ఒకటో ఏట కూడా నిర్దోషంగా ఉంది. గీసినది నన్ను కాదు. ఆ ముఖానికి స్వంతదారు డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దమనిషి. పేరు చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి ముఖస్వామి అందాం. ఆయన చేతులు వణుకుతున్నాయి. మూడు నెలలుగా రేజరు ముట్టలేదు. పదిహేడున పెళ్లి ఆయన మనవరాలిది. ఈ గడ్డంతో నలుగురిలోకి వెళ్లనని భీష్మించుకున్నారు.

"నేను పోయేది లేదమ్మా. జొరమని చెప్పేస్తా" అన్నారు.

"జ్వరం నెలన్నర ముందే నిశ్చయం కాదు. నేను గీస్తాను, కూర్చోండి" అన్నాను.

"మీరా? నలుగురు ఏమంటారమ్మా?"

"నలుగురి ముఖాలు నేను గీయడం లేదు."

అప్పటినుంచి రోజు విడిచి రోజు వెనక గదిలో నా వాలుకుర్చీలో కూర్చుంటున్నారు. మీరు పక్కకు జరపవద్దన్న మాట చదివినప్పుడు నా తప్పు నాకు తెలిసింది. కాడకు అడ్డుకోత తీసేటప్పుడు బ్లేడును ఏటవాలుగా పక్కకు లాగాలి. ముప్పై నాలుగేళ్లు చేసిన పని చేయి ఒక్కరోజులో మరచిపోదు. చెంపను కూడా కాడ అనుకుంది. ఇప్పుడు మీ ముప్పై డిగ్రీలను కోణమానినితో కొలిచి గీస్తున్నాను.

ముఖస్వామి మార్కులు వేస్తారు. మొదటిరోజు వందకు పద్దెనిమిది. నా జీవితంలో నేను తప్పిన మొదటి పరీక్ష ఇది. ఎప్పుడు ఉత్తీర్ణురాలిని అవుతానని అడిగితే, "గీసేటప్పుడు మనిషికి కునుకు పట్టాల. అంతదాకా అది గీసినట్టు కాదు" అన్నారు. ప్రస్తుతానికి ఆయన రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటున్నారు.

ఇట్లు,
మళ్లీ విద్యార్థిని అయిన
నేత్రావతి

తా.క.: గులాబీ రేజరు వద్దు. మా ఇంట బియ్యం డబ్బాలో బియ్యం ఉంటాయి.


సర్జాపుర రోడ్డు,
జూలై 18.

పూజ్యులైన నేత్రావతి మేడం గారికి, తల వంచి క్షమాపణ కోరుతూ హేమంత్‌కుమార్,

నాకు ఇప్పుడు మొత్తం అర్థమైంది మేడం. పేరు చెప్పనన్నారు చూడండి, అక్కడే పట్టుకున్నాను. మా అవ్వ కూడా అంతే. చచ్చినా మా తాత పేరు పలకదు. రేషను ఆఫీసులో అడిగితే నన్ను ముందుకు తోసి చెప్పించేది. చదువుకున్నవాళ్లు అయినా మీ తరం ఆడవాళ్ల మర్యాదే వేరు.

ఈ వయసులో భర్తకు గడ్డం గీసే ఇల్లాలు ఎక్కడుంటుంది మేడం? మీరు "మా మనవరాలు" అనకుండా "ఆయన మనవరాలు" అనడం కూడా నాకు ముచ్చటగా అనిపించింది. ఉత్తరం మా ఓనరుకు కన్నడలో చదివి వినిపించాను. ఆయన కళ్లు తుడుచుకుని, మా దంపతుల పెట్టె పంపమన్నారు. రోజాపూల వాసన సబ్బు, జంట తువాళ్లు ఉంటాయి.

అయినా మీకెందుకు ఇంత శ్రమ? పెళ్లిరోజు ఉదయం మంచి పనివాణ్ని ఇంటికే పంపిస్తాం. వర్తూరులోనే మాకు తెలిసిన సెలూన్లు చాలా ఉన్నాయి.

ఇట్లు,
మీ దాంపత్యానికి దూరంనుంచి దండం పెట్టే
హేమంత్‌కుమార్

తా.క.: జంట తువాళ్లలో 'అతడు' అని రాసింది నీలం, 'ఆమె' అని రాసింది ఎరుపు. రక్తం పడితే ఎరుపుది వాడండి, కనబడదు.


వర్తూరు,
జూలై 24.

హేమంత్‌కుమార్ గారికి, మీ ఊహాశక్తికి అభినందనలతో,

నా భర్త పేరు చెన్నరాయప్ప. గేటు దగ్గర నిలబడి వీధి చివరి వరకు వినబడేలా నలభై మూడేళ్లు పిలిచాను. ఆయన గతించి నాలుగేళ్లయింది. కనుక నీలం తువాలు ముఖస్వామికి ఇచ్చాను. మీరు ముచ్చట పడవలసిన అవసరం లేదు. ముఖస్వామి వేరు, ఆయన కుటుంబం వేరు. సంతాప సందేశం పంపవద్దు. ఓదార్పు పెట్టె అనేది మీ వద్ద ఉంటే అది అసలే వద్దు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. సెలూన్ నుంచి ఎవరినీ పంపవద్దు. ఆ వృత్తిలో ఉన్న ఏ ఒక్కరికీ, ముఖ్యంగా వర్తూరులో, ఇక్కడ జరుగుతున్నది తెలియరాదు. తెలిస్తే నా శ్రమంతా వృథా.

ముఖస్వామి ఆజ్ఞపై ఇప్పుడు బెలూన్ల మీద సాధన చేస్తున్నాను. బెలూన్‌కు నురుగు పట్టించి, పగలకుండా గీయాలి. మొదటి పూట తొమ్మిది పేలాయి. పై ఇంట్లో ఉండే నర్సు సునీత ఆ చప్పుళ్లకు పరుగున వచ్చి, నురుగు పూసిన ఎర్ర బెలూన్ ఎదుట రేజరుతో నిలబడిన నన్ను చూసింది. నా రక్తపోటు కొలిచి వెళ్లింది.

పదో బెలూన్ బతికింది. కోయడం మానేసి, ఆకు మీది దుమ్ము తుడుస్తున్నానని అనుకున్నాను. అప్పుడు చేయి తేలికైంది. మొన్నటి మార్కులు ముప్పై ఒకటి. "చెయ్యి పోయినా నాకు కన్ను ఉండాదమ్మా, ఎడమ దవడ కింద రెండు వదిలినారు" అన్నారు. నిజంగానే రెండు ఉన్నాయి.

వంద బ్లేళ్లు, ఆరు తెల్ల తువాళ్లు పంపండి. తల ఆన్చుకునే దిండు అమర్చిన కుర్చీ ఎక్కడ దొరుకుతుందో కూడా రాయండి. నా వాలుకుర్చీలో ఆయన మెడ నిలవడం లేదు.

ఇట్లు,
నాలుగు మార్కుల దూరంలో ఉన్న
నేత్రావతి

తా.క.: రోజాపూల సబ్బు వాసన చూసి ముఖస్వామి, "పెండ్లి నాదా, నా మనవరాలిదా?" అని అడిగారు.


సర్జాపుర రోడ్డు,
జూలై 30.

కాబోయే యజమానురాలు నేత్రావతి మేడం గారికి, శుభాకాంక్షలతో హేమంత్‌కుమార్,

వంద బ్లేళ్లు, ఆరు తువాళ్లు, సెలూన్ కుర్చీ, వర్తూరులోని సెలూన్లవాళ్లకు తెలియకూడదు అన్న మాట. ఇంతకుముందు రెండుసార్లు పొరబడ్డాను గాని, ఈసారి మా ఓనరు, నేను కలిసి ఆలోచించాం. మీరు సెలూన్ పెడుతున్నారు. ముఖస్వామి మీ పెట్టుబడి భాగస్వామి. ముఖ్యమైన పెళ్లి కాబట్టి ఆయన ముఖమే మీ మొదటి ప్రచారం.

భయపడకండి మేడం, పోటీవాళ్లకు ఒక్క మాట కూడా పొక్కనివ్వం. టోకు ధరకు దరఖాస్తు జతచేశాను, మూడుచోట్ల సంతకం పెట్టండి. కుర్చీ కోసం తిరగక్కర్లేదు, తలదిండు మా దగ్గరే ఉంది, ఏ కుర్చీకైనా బిగించుకోవచ్చు. పేరు కూడా మా ఓనరు ఆలోచించారు: 'బాటనీ మేడం జెంట్స్ సెలూన్'. ఇటువంటిది బెంగళూరు మొత్తంలో ఉండదు.

ఇట్లు,
ప్రారంభోత్సవానికి పిలుస్తారని ఆశించే
హేమంత్‌కుమార్

తా.క.: ఇంత నమ్మి రాస్తున్నారు కాబట్టి ఒక నిజం చెప్పేస్తాను మేడం. నాకు గడ్డం ఉంది. ఎనిమిదేళ్లుగా బ్లేడు ముట్టలేదు. మీకు రాసిన సలహాలన్నీ పెట్టెలోని కాగితం చూసి రాసినవే.


వర్తూరు,
ఆగస్టు 21.

నాచేత సెలూన్ పెట్టించబోయిన చిరంజీవి హేమంత్‌కుమార్‌కు, ఆశీస్సులు.

మీ దరఖాస్తు వెనకవైపు ఖాళీగా ఉంది కాబట్టి ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను. సెలూన్ లేదు. దాచవలసిన పేరు ఇక దాచనక్కరలేదు. ముఖస్వామి పేరు చిక్కమునియప్పగారు. ఆయన వృత్తి క్షౌరం.

వర్తూరు చుట్టుపక్కల ఇవాళ సొంత సెలూన్లు నడుపుతున్నవారిలో పదకొండుమంది ఆయన చేతికింద నేర్చుకున్నవారే. గురువు చేయి వణుకుతోందని ఆ పదకొండుమందిలో ఒక్కరికీ తెలియరాదనే ఆయన గడ్డం పెంచుకుని, జ్వరాన్ని సిద్ధం చేసుకున్నారు.

నా భర్త మంచాన పడిన ఆరేళ్లూ రోజు విడిచి రోజు ఈయనే వచ్చి గీసేవారు. చెరువు పొంగి రోడ్డు మునిగిన ఉదయం సంచీ నెత్తిన పెట్టుకుని మోకాటి లోతు నీళ్లలో వచ్చారు. ఈయన గీస్తుంటే నా భర్త నిద్రపోయేవారు. మాత్రలకు రాని నిద్ర అది. ఒకరి సాయం పుచ్చుకోవడం నాకు ఇష్టం ఉండదని మీరు గ్రహించే ఉంటారు. ఆ సాయం మాత్రం పుచ్చుకున్నాను.

పదిహేడున ఉదయం కొత్త బ్లేడు బిగించాను. కుడి చెంప అయ్యేసరికి ఆయన తప్పులు చెప్పడం ఆపారు. ఎడమ దవడ దగ్గర నా చేయి ఆగింది, గురక వినబడింది. నిద్రపోతున్న మనిషి పై పెదవి మీద గీయడం ఎలాగో మీ కాగితంలో లేదు. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా ఒక గీత చొప్పున గీశాను. పూర్తయ్యాక కూడా లేపలేదు. ముహూర్తం పదిన్నరకు కాబట్టి పావుగంట పడుకోనిచ్చాను.

కల్యాణమంటపంలో పదకొండుమందీ ఆయన చుట్టూ చేరారు. రామాంజి అనే శిష్యుడు పలకరింపుగా దవడ మీద బొటనవేలు ఆనించి, అక్కడే ఆపాడు.

"ఎవురి చెయ్యన్నా ఇది? నాది గాదు."

పదకొండుమందీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను మూడో వరసలో కూర్చుని, ఆయన తానే గీసుకున్నానని చెబుతారనుకుని, నేను నోరు విప్పకూడదని పళ్లు బిగబట్టాను. నా స్వభావానికి అది ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

ఆయన కాఫీ గ్లాసు అందుకున్నారు. రెండు చేతులూ వణికి, కాఫీ నీలం తువాలు మీద తొణికింది. అందరినీ చూడనిచ్చారు.

"నా చెయ్యి అయిపోయిందప్పా. మీకు తెలీకూడదని దాచిపెట్టినా. కానీ పని చేసినోళ్ల పేరు దాస్తే తప్పు. ఇది నా పన్నెండో శిష్యురాలి చెయ్యి. అదో, ఆ కండ్లద్దాలామె."

పదకొండు తలలూ నా వైపు తిరిగాయి. తరువాత వెనకనుంచి నరసింహప్ప అనే శిష్యుడు వచ్చాడు.

"మేడం, కాలేజీలో అడ్డుకోత సరిగా రాలేదని నన్ను మీరు రెండుతూర్లు ఫెయిల్ చేసినారు. గ్యాపకం ఉండాదా?"

"ఉంది. నీ కోతలు చపాతీలంత మందంగా ఉండేవి" అన్నాను.

అతడు గురువుగారి ముఖాన్ని వెలుగుకు తిప్పి, ఎడమ దవడ కింద చాలాసేపు చూశాడు.

"పాసే మేడం" అన్నాడు.

ఇకపై ఆయన గడ్డం ఎవరు గీయాలని పదకొండుమందీ అక్కడికక్కడే వంతులు వేసుకోబోయారు. చిక్కమునియప్పగారు ఒప్పుకోలేదు. ఈ ముఖం టీచరమ్మది అన్నారు.

ఇట్లు,
పాసయిన
నేత్రావతి

తా.క.: ఒక్క ముఖం గీసినంతమాత్రాన పని వచ్చినట్టు కాదని గురువుగారి తీర్పు. మీ ఎనిమిదేళ్ల గడ్డం సంగతి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వి, "పిల్చండి" అన్నారు. ఆదివారం ఉదయం ఏడింటికి రండి. తువాలు మీరే తెచ్చుకోండి. వార్తాపత్రిక నా దగ్గర ఉంది.