రౌటరు స్విచ్చి ఆపొద్దు మామా

మామా, నేను ఏడింటి బస్సుకు కుప్పం పోతాండాను. కరెంటు కాలతాదని రౌటరు స్విచ్చి ఆపొద్దు. పదింటికి పాప కీర్తికి ఆన్‌లైన్ పరీక్ష ఉండాది. నెట్టు ఆగితే, వెనక గదిలో రౌటరుకుండే నీలం వైరును టిక్కుమనేదాకా లోపలికి నొక్కండి. సంగటి, పప్పు పొయ్యి మీద ఉండాయి.

కుప్పంలో కొత్త మందుల షాపుకు మూడు కంప్యూటర్లు కలిపే పని ఒప్పుకున్నాను. బయట నేను ఒక్కదాన్నే చేసే మొదటి పని ఇది. ఫోన్లో సూసి ఈ పని నేర్చుకుంటాంటే మీరు "వైర్లతో ఏం ఆటలమ్మా" అన్నారే, ఆ మాట ఇంకా గుచ్చుకుంటాండాది. అయినా ఈ పొద్దు భయం లేదు. మన ఇంట్లో నెట్టంతా నేనే కలిపినాను కదా.

నీలిమ

ఇప్పుడే సంచి తెరిచినాను. ఎవరినీ ముట్టనియ్యని మీ టెస్టరు అందులో ఉండాది. నేనైతే పెట్టలేదు. భద్రంగా తెస్తాను మామా.