పెట్టె మీద సుమినా

ఆపామ్

అక్రాలోని 'ఓర్పే మేలు' షిప్పింగ్ ఆఫీసు వారికి,

ఆపామ్ రేవులో చేపలు కాల్చి అమ్ముకునే ఎసి సుమినా నమస్కారాలు. మీ ఫోన్ మోగుతుంది కానీ ఎత్తే నాథుడు లేడు. అందుకని ఉత్తరం రాసి ట్రోట్రో వ్యాను డ్రైవర్ కొజో చేతికిస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి. చదవకుండా తెస్తాడు, చదవడం రాదు కాబట్టి.

నాకు క్యాసెట్లు పాడే పెట్టె ఒకటి కావాలి. ఇక్కడ ఎవరినడిగినా నవ్వుతున్నారు. నా స్నేహితురాలు అరబా ఫోన్‌లో వెతికితే జపానులో ఒకాయన పాతది అమ్ముతున్నాడు. వివరాలు వెనక రాశాను.

నా భర్త కోబినా పోయి మూడేళ్లయింది. పడవ మీద పాడేవాడు. వయసులో ఉండగా తన పాట ఒకటి క్యాసెట్‌లో పట్టి దాచాడు. తరవాత మా పెట్టె ఉప్పుగాలికి తుప్పు పట్టింది. మనిషే ఇంట్లో పాడుతుంటే పెట్టెతో పనేమిటని బాగుచేయించుకోలేదు. ఇప్పుడు క్యాసెట్ ఉంది, గొంతు అందులో ఉంది, వినే దారి లేదు. నాకు ఆ గొంతు మీద బెంగగా ఉంది. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియదు.

ఇట్లు,
ఎసి సుమినా

తా.క.: అరబా కూడా మీ ద్వారానే విగ్గు తెప్పించుకుంటోంది. నా పెట్టె కన్నా ఆవిడ జుట్టు ముందొస్తే ఊరుకోను.

*

అక్రా

ఎసి అమ్మగారికి,

ఆఫీసు గుమాస్తా సెలోమ్ నమస్కరించి రాసేది. ఫోన్ ఎత్తే ఉద్యోగం నాదే. ఎత్తితే అందరూ తిడుతున్నారని మానేశాను, క్షమించండి.

జపాను ఆయనకి ఫోన్‌లో పంపే మన మోమో డబ్బంటే ఏమిటో తెలియదు. కార్డుతో కడితేనే అమ్ముతాడట. మీ దగ్గర కార్డుందా? రెండో సంగతి, మీ గుర్తేమిటో రాయండి. ఓడలో బోలెడన్ని పెట్టెలొస్తాయి. మనవాళ్ల ఇళ్లకి నంబర్లుండవు. గుర్తు చూసే ఎవరిది వాళ్లకిస్తాం.

విధేయుడు,
సెలోమ్

తా.క.: గుర్తు పొట్టిగా ఉండాలి. ఇంకెవరికీ ఉండకూడదు.

*

ఆపామ్

నాయనా సెలోమ్,

నీ ఉత్తరం అందింది. కార్డు పంపుతున్నాను, జాగ్రత్త. మా చర్చి కార్డు. పాస్టరు సంతకం ఉంది. ఒక్క ఆదివారం కూడా ఎగ్గొట్టలేదని దాన్లోనే తెలుస్తుంది. జపాను ఆయన దైవభక్తి ఉన్నవాడైతే ఇంకేం అడగడు.

ఇక గుర్తు. ఎడమ చెంప మీద ఉంది, అడ్డంగా, గోరంత. నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదు. చావుకి నన్ను చూస్తే రోత పుట్టాలని మా అమ్మ నా చెంపకి ఆ గాటు పెట్టించింది, నాకు ఈ పేరూ పెట్టింది. ఇంకెవరికీ ఉండకూడదంటున్నావు. మా వీధిలో ఒకావిడకుంది కానీ ఆవిడది కుడి చెంప. కోబినా ఆ గాటు మీద వేలు పెట్టి, సముద్రం మీదున్నా నాకిదే గుర్తుకొస్తుందే అనేవాడు.

ఇట్లు,
ఎసి సుమినా

తా.క.: పెట్టె మీద చెంప గీసేవాళ్లని కాస్త వయసు తగ్గించి గీయమను.

*

అక్రా

ఎసి అమ్మగారికి,

చర్చి కార్డు తిప్పి పంపుతున్నాను. కావలసింది బ్యాంకు కార్డమ్మా. మా ఆఫీసు కార్డుతో కట్టేస్తాం, మీరు మాకు మోమో చేయండి చాలు.

గుర్తంటే పెట్టె మీద రాసే పేరు, ఒంటి మీది గాటు కాదు. ఎసి అని రాయిద్దామంటే, ఆదివారం పుట్టిన ప్రతి ఆడపిల్లా ఎసియే కదా, మా గోదాము నిండా ఎసిలే. సుమినా మాత్రం ఒక్కరూ లేరు. అదే ఇంతింత అక్షరాలతో రాయించాను.

విధేయుడు,
సెలోమ్

తా.క.: మీ చెంప సంగతి చదివి మా ఓనరు భార్య కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి ఓనరు ఆవిడ ముఖంలో ఏదైనా గుర్తు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు.

*

ఆపామ్

సెలోమ్‌కి,

నాయనా అనలేదని గమనించు. ఓడ వచ్చింది. అరబా విగ్గు వచ్చింది. ఆదివారం చర్చిలో నా ముందు బెంచీ మీదే కూర్చుంది, నాకు పాస్టరు కనపడలేదు. నా పెట్టె ఏది? ఓర్పే మేలని బోర్డు మీరు పెట్టుకుని ఓర్పు మాత్రం మా చేత పట్టిస్తున్నారు.

నాకు కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. కళ్లు మూసుకుంటే ఆయన ముఖం వస్తుంది, గొంతు రావడం లేదు. మొన్న పొయ్యి దగ్గర కూర్చుని ఆ పాట తలుచుకుంటే నా గొంతుతోనే వినిపించింది. మనిషి ఒకసారి పోయాడు, అది చాలదా?

ఎసి సుమినా

తా.క.: క్యాసెట్‌ని ఊరికే చెవి దగ్గర పెట్టుకుని చూశాను. అరబాకి చెప్పకు.

*

అక్రా

ఎసి అమ్మగారికి,

మీ పెట్టె దొరికింది. ఎక్కడ దొరికిందో చెప్పడానికే తల కొట్టేసినట్టుంది.

మా గోదాముకి కొత్త కాపలావాడొచ్చాడు. పెట్టె మీద సుమినా అని ఉంది. సుమినా అంటే పెంటకుప్ప కదా, పారేయాల్సిన సరుకనుకుని గేటు పక్క చెత్తలో పెట్టాడు. చదువొచ్చినవాడు కావడమే కొంప ముంచింది. నేను వెళ్లేసరికి చెత్త బండి కదిలిపోయింది. "నా పెంటకుప్ప ఇచ్చేయండి" అని అరుస్తూ మా కనేషీ పేట సందులన్నీ దాని వెనక పరిగెత్తాను. బండివాడు నన్ను చూసి జాలిపడి మొత్తం బండి తీసుకోమన్నాడు.

పెట్టెకేమీ కాలేదు, కాస్త అరటి తొక్కల వాసన తప్ప. కొజో వెంట పంపుతున్నాను. ఇకమీదట మీ గుర్తు మార్చేద్దాం. బంగారం అని రాయించనా?

సిగ్గుతో,
సెలోమ్

తా.క.: బంగారం వద్దంటున్నాడు ఓనరు. అలా రాస్తే పెట్టె రేవు దాటదట.

*

ఆపామ్

నాయనా సెలోమ్,

మళ్లీ నాయనా అన్నాను చూడు. పెట్టె చేరింది. అరబాని పిలిచి క్యాసెట్ పెట్టాను. బాగా వినపడాలని ఆవిడ విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుంది.

పాట లేదు. ఫుట్‌బాల్ ఆట ఉంది. రేడియోలో వస్తున్న ఆటని మహానుభావుడు తన పాట మీదే పట్టేశాడు. పోయినవాణ్ణి తిట్టకూడదంటారు, తిట్టాను. ఏడుపొచ్చింది. అరబా ఆపేయబోయింది. అప్పుడు, గోల్ అని జనం అరిచిన చోట, మా ఆయన గొంతు.

"సుమినా, కెంకీ ముద్ద చల్లారిపోతోంది. ఎక్కడ చచ్చావే?"

వెనకాల నా గొంతు, పడుచు గొంతు: "వస్తున్నా, నాకేమన్నా రెక్కలున్నాయా?"

మళ్లీ ఆట. అంతే.

పాట రేవులో అందరికీ పాడేవాడు, నాయనా. ఈ పిలుపు నా ఒక్కదానిదే. ఇప్పుడు ఊరంతా నన్ను చేపలమ్మ అంటారు. నోరారా సుమినా అని పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. చావు నన్ను ఏరుకోకూడదని మా అమ్మ ఆ పేరు పెడితే, అది నన్నొదిలేసి నా చుట్టూ ఉన్నవాళ్లందర్నీ ఏరుకుంది. రోజూ కెంకీ పొట్లం విప్పేముందు ఆ చోటికి తిప్పి వింటున్నాను. ఆయన పిలుస్తాడు. పెట్టెలో నేను పలికేలోపే ఇక్కడ నేను వస్తున్నానంటాను.

ఇట్లు,
సుమినా

తా.క.: మీ కాపలా అబ్బాయికి కాల్చిన చేప విడిగా కట్టి పంపుతున్నాను. పొట్లం మీద నా పేరు రాయలేదు. రాస్తే తినకుండా పారేస్తాడు.

ఇంకో తా.క.: అదే చోటికి తిప్పి తిప్పి పెట్టె లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది. ఇంకోటి తెప్పించు. గుర్తు మాత్రం మార్చకు. ఆయనకి నేను ఆ పేరుతోనే తెలుసు.