నాన్నకి ఆకుపచ్చ వచ్చింది

పలాస

నీలక్కకు,

ఫోన్లో అయితే అరుస్తాను. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను.

నాన్న కర్మ రోజు పెరట్లోకి పిలిచి అడిగావు. కిడ్నీ జబ్బు ఎవరికి రావొచ్చో ముందే చెప్పడానికి విశాఖలో మీ టీం తయారుచేసిన మెషిన్ లెర్నింగ్ ప్రోగ్రాం ఇచ్చిన ఫలితం నాన్న చూశాడా అని. నేను జవాబు చెప్పకుండా వెళ్లిపోయాను.

చూశాడక్కా. ఆశా కార్యకర్త తన ఫోన్లో ఆకుపచ్చ రంగు చూపించింది, ప్రమాదం తక్కువని. మన కవిటి సెంటర్లో కనబడ్డవాడికల్లా చెప్పుకుని మురిసిపోయాడు. కాళ్లు వాచాక రక్తపరీక్షకు పదమని బతిమాలాను, తిట్టాను, బండి స్టార్ట్ చేసి గుమ్మం ముందు నిలబడ్డాను. "నా కూతురు సేసిన మిషను తప్పు సెప్తాదేట్రా? నీకు దాని మీద కుళ్లు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఒళ్లు మండి, పలాసలో జీడిపిక్కల బట్టీకి పనికి పోయాను.

తప్పు ఎక్కడుందో కర్మ రోజు పెరట్లో నువ్వే చెప్పావు. మన ఉద్దానంలో జబ్బు బయటపడ్డాకే శుద్ధి చేసిన డబ్బా నీళ్లు కొంటారు, అంతదాకా బోరు నీళ్లే. ఏది ముందో ఏది వెనకో తెలియని ఆ ప్రోగ్రాం, మీరిచ్చిన జనం వివరాలు చూసి, డబ్బా నీళ్లు తాగేవాళ్లే రోగులని, బోరు నీళ్లు తాగేవాళ్లు క్షేమమని నేర్చుకుంది. బోరు నీళ్లే తాగే నాన్నకి ఆకుపచ్చ ఇచ్చేసింది. వీడియోలు చూసి ఇలాంటి ప్రోగ్రాంల లెక్కలు నేర్చుకున్నవాణ్ణే నేనూ. నాకూ తట్టలేదు. ఈ నీళ్లు తాగి పెరిగాం ఇద్దరం, ఒక్కరికీ తట్టలేదు. సరే. కానీ నాన్నకి మిషన్ల గురించి ఏం తెలుసు? నిన్ను నమ్మి చచ్చిపోయాడు.

నీతో ఇక మాట్లాడకూడదనుకున్నాను. కానీ ఇప్పుడు పొద్దున లేచేసరికి అమ్మ మొహం ఉబ్బి ఉంటోంది. ఆమెకీ ఆకుపచ్చే వచ్చింది. పరీక్షకు రమ్మంటే నాన్న అన్న మాటే అంటోంది. ప్రోగ్రాం తప్పని చెప్పేయగలను. అప్పుడు నాన్న ఎందుకు పోయాడో అమ్మకు అర్థమైపోతుంది. జన్మలో నీ మొహం చూడదు. అది నాకు వద్దు.

ఇది చదవగానే అమ్మకు ఫోన్ చెయ్యి. నీ పనికి ఆమె రక్తం కావాలని అడుగు, ఆ వంకన పరీక్ష చేయిస్తాను. నీకోసమంటే కాదనదు.

కోపం చల్లారని నీ తమ్ముడు,
పవన్