గోడలో బూటు

అక్టోబర్ 5, ఆదివారం

అనుదీప్ నా అల్లుడు. మంచివాడే. కానీ ఒక పని చేశాడు, అది నేను మరిచిపోలేదు. ఇర్వింగ్‌లో కొత్త ఇల్లు కొన్నప్పుడు గుమ్మానికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కట్టాం. వారం తిరగకుండానే కాలనీ అసోసియేషన్ నుంచి లెటర్ వచ్చింది, ఇంటి ముందు అలాంటివి వేలాడదీయొద్దని. నన్ను ఒక్క మాట అడగకుండా దాన్ని కోసి గార్బేజ్‌లో వేశాడు. అదేందని అడిగితే, మామయ్యా ఈ కాలంలో కూడా ఇవేంటి, సూపర్‌స్టిషన్ కదా అన్నాడు. ఆరేళ్లయింది. ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

ఇప్పుడు ఉద్యోగం మారి ఈ సముద్రపు ఒడ్డుకు వచ్చాం. మాసచూసెట్స్. ఈసారి కొన్నది పాత ఇల్లు. తలుపు దగ్గర నేను వంగాలి. ఎవరికీ వంగిన మనిషిని కాను, దీనికి రోజూ వంగుతున్నాను.

అక్టోబర్ 7

మనవరాలు ఆద్యతో వాకింగ్‌కి పోయాను. ఇక్కడ ప్రతి పాత ఇంటికీ ఒక తెల్ల బోర్డు. ఏ ఏడు కట్టారు, ఎవరి కోసం కట్టారు, అతను ఏ పని చేసేవాడు. ఆద్య చదువుతూ వచ్చింది. చేపలు పట్టేవాడు. పీపాలు చేసేవాడు. ఓడ కెప్టెన్. తాళ్లు పేనిన పొడుగాటి షెడ్డు ఇప్పుడు మ్యూజియం. ఉప్పుచేప దాచిన కొట్టంలో కాఫీ అమ్ముతున్నారు. మా బోర్డు మీద 1768, తెరచాపలు కుట్టేవాడు.

ఇంగ్లండులో ఏదో సముద్రపు పల్లె నుంచి వచ్చినవాళ్లు కట్టారట. అక్కడ రాయితో కట్టేవాళ్లట. ఇక్కడ అడవి ఉంది కాబట్టి చెక్క. ఆకారం మాత్రం అదే. ఊరు వదిలారు గాని ఇల్లు వదల్లేదు.

నా ఇంటికి బోర్డు పెడితే లారీ డ్రైవర్ అని రాయాలి. రాయనీ. నాకేం సిగ్గు లేదు.

అక్టోబర్ 8, సాయంత్రం

పొగగొట్టం పక్కన గోడ చెమ్మ పట్టిందని పనివాడు వచ్చి చెక్కలు ఊడదీశాడు. లోపలి నుంచి ఒక బూటు పడింది. తోలుది. చిన్నపిల్లది. ఒకటే. మడమ ఒక పక్కకు అరిగింది. మా బిడ్డ రజిని దూరం నుంచే, ఛీ, ముట్టుకోకు బాపూ, ఎలుక తెచ్చి పెట్టి ఉంటది అన్నది.

అనుదీప్ ఫొటో తీసి మ్యూజియంకి పంపాడు. గంటలో మార్తా అని ఒక పెద్దావిడ వచ్చింది. తెల్ల గ్లవ్స్ వేసుకుని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తింది. ఎలుక కాదట. ఇల్లు కట్టినవాళ్లే కావాలని పెట్టారట. పొగగొట్టానికి తలుపు ఉండదు, చెడు ఆ దారిన దిగుతుంది, దానికి అడ్డంగా తొడిగి అరిగిన బూటు పెట్టేవాళ్లట. ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చిన అలవాటట.

నాకు నవ్వొచ్చింది. నా లారీ వెనక పాత చెప్పు కట్టుకునే కదా ఇన్నేళ్లు తిరిగాను. ఆద్య ఇంగ్లీషులో చెప్పింది. మార్తా మురిసిపోయి రాసుకుంది, నా పేరు కూడా అడిగింది. యాదయ్య అన్నాను. నాలుగుసార్లు పలికినా రాలేదు.

పక్కనే నిలబడి అనుదీప్ వావ్ అన్నాడు. అమేజింగ్ అన్నాడు. ఎంత హెరిటేజ్ అన్నాడు. సూపర్‌స్టిషన్ అనలేదు. నేను అతని ముఖమే చూస్తూ ఉన్నాను. అతను నా వైపు తిరగలేదు.

అక్టోబర్ 9

బూటును డబ్బాలో పెట్టి తీసుకుపోయారు. నన్ను ఎవరూ అడగలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

మ్యూజియం చూసి వచ్చాం. అద్దాల పెట్టె, లోపల లైటు. మా బూటు పక్కన వేరే ఇళ్ల బూట్లు రెండు. ఎవరి పిల్లదని ఆద్యతో అడిగించాను. తెలియదంది మార్తా. బోర్డు మీద నాన్న పేరుంది, పిల్ల పేరు ఎక్కడా లేదట. ఇవి తీసేసిన ఇళ్లు బాగున్నాయా అని కూడా అడిగించాను. మొదట నవ్వింది. తరవాత నవ్వు ఆపింది. కొంతమంది ఫొటో తీసుకుని మళ్లీ గోడలోనే పెట్టేస్తారు, అది ఓనర్ ఇష్టం, మీదీ ఎప్పుడు అడిగినా ఇస్తాం అంది.

కారులో అనుదీప్‌తో అన్నాను, వెనక్కి తెచ్చి పెట్టు అని. గోడలో పాడైపోతుంది మామయ్యా అన్నాడు. రెండు వందల యాభై ఏళ్లు పాడు కానిది ఇప్పుడు పాడైతదా అన్నాను. మీ నమ్మకం వేరు, ఇది హిస్టరీ అన్నాడు. రజిని ముందు సీట్లో నుంచి, బాపూ, ఇంక ఊకో అన్నది. ఇంటికొచ్చి అన్నం నా గదిలో తిన్నాను.

అక్టోబర్ 13

ఆ గుమ్మడికాయ కట్టింది నేను కాదు. నా భార్య అనంతలక్ష్మి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, స్టూల్ ఎక్కి కట్టింది. నేను స్టూల్ పట్టుకున్నాను. అంతే నేను చేసింది. అనుదీప్ కోసేసిన మర్నాడు పొద్దున గార్బేజ్ బయట పెట్టబోయి మూత తీసి దాన్ని చూసిందట. పోనీలే, వాళ్ల ఇల్లు, వాళ్లిష్టం అన్నది నాతో. ఆ తరవాత ఏ ఇంటికీ ఏదీ కట్టలేదు.

మరుసటేడు పోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. డాక్టర్లు చెప్పింది విన్నాను, నాకు బుర్ర ఉంది. తీసేముందు అడగాల్సిన మాట ఒకటి ఆమెను ఎవరూ అడగలేదు, అంతే నేనంటున్నది.

ఆమె చెప్పులు నా సూట్‌కేస్‌లో ఉన్నాయి. వేరేవి పంచిపెట్టాం, ఇవి ఇవ్వలేకపోయాను. ఈ రోజు తీసి చూశాను. ఎడమది బొటనవేలు కింద గుంట పడి ఉంది. వేలు ఇప్పుడే తీసినట్టుంది.

ఆ తెరచాపల ఆయన భార్య కూడా పిల్ల బూటు ఇట్లాగే చూసి ఉంటుంది, గోడలో పెట్టే ముందు.

అక్టోబర్ 14

గోడ శుక్రవారం మూస్తారట.

అక్టోబర్ 15, బుధవారం

ఇది రాసి ఫ్రిజ్ మీద కూడా అంటించాను.

అనుదీప్. శుక్రవారం పనివాడు వచ్చేలోపు ఆ పిల్ల బూటు ఇంటికి రావాలి. రాకపోతే దాని జాగాలో మీ అత్తమ్మ ఎడమ కాలి చెప్పు పెడతాను. ఏది నీకు ఇష్టమో గురువారం రాత్రి భోజనాల దగ్గర అందరి ముందు అను. ఆనాడు నువ్వు అడగలేదు, నేను అడుగుతున్నాను. నువ్వు ఏమీ అనకపోతే చెప్పు పెట్టడానికి సరే అన్నట్టే లెక్క. కుడి కాలిది నా దగ్గరే ఉంటుంది.

గురువారం. దాటితే వినను.