మైకు కట్టేసిన మరిదికి

నేను, పెనుమాక దీనమ్మ, కీ.శే. కృపానందం భార్యను, వయసు డెబ్బై రెండు, ఇల్లినాయ్ రాష్ట్రం షామ్‌బర్గ్ నివాసిని. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఎందుకంటే నాకు మతి చలించిందని నా మరిది రత్నరాజు రెండేళ్లుగా చర్చిలో చెబుతున్నాడు. ఎవరి ఒత్తిడీ లేకుండా, పాత వీలునామాలన్నీ రద్దుచేస్తూ దీన్ని రాస్తున్నాను.

1. మాకు పిల్లలు లేరు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత రత్నరాజు కూతురు షారన్‌ది. ఇందులో తండ్రి మాట వినవలసిన పని ఆమెకు లేదు.

2. ఇల్లు, సామాను షారన్‌కే. బేస్‌మెంట్‌లోని పియానోను మాత్రం అమ్మకూడదు. దాని చుట్టూ తొమ్మిదేళ్లు ప్రతి శనివారం నేను, నా భర్త, షారన్, రత్నరాజు కలిసి పాడాం. విలియం బర్డ్ నాలుగు గొంతులకు రాసిన ఆరాధన సంగీతం అది. నరసాపురం మిషన్ స్కూల్లో నాలుగు స్వరాల్లో కీర్తనలు నేర్చినదాన్ని. అయినా ఇక్కడి కాలేజీ కాయిర్‌లో దాన్ని మొదటిసారి విన్న రోజు, కార్లో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేకపోయాను.

3. బర్డ్ గురించి నేను కొన్న పుస్తకాలన్నీ చర్చి కమిటీకి. చదవరని తెలిసే ఇస్తున్నాను. నాలుగు వందల ఏళ్ల కిందట ఆయన ఇంగ్లండులో ప్రొటెస్టెంటు రాణి కొలువులో పాడుతూనే కథోలికుడిగా బతికాడు. రాణి మతం వాళ్ల చర్చికి వెళ్లడం లేదని ఆయన మీద కేసులు పెట్టారు. ఇళ్లలో చాటుగా ప్రార్థించుకునేవాళ్ల కోసం ఈ సంగీతం రాసి, ఎవరు అచ్చువేశారో బయటపడకుండా ముఖపత్రం లేకుండానే అచ్చువేయించాడు. భూమి తగాదాల్లో ఏళ్ల తరబడి కోర్టులకెక్కిన మొండివాడు కూడా. అందుకే నాకు నచ్చాడు. ఆయన కథోలికుడు, మనం లూథరన్లం. ఆ తేడా సంగతి దేవుడు చూసుకుంటాడు, కమిటీ శ్రమపడనక్కర్లేదు.

4. రత్నరాజుకు నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా చెందదు. కారణం కాగితం మీద ఉండాలి. నా భర్త ఆసుపత్రిలో కోరింది ఒక్కటే: "దీనా, నన్ను సాగనంపేటప్పుడు బర్డ్ పాటలో ఆ చివరి భాగం పాడండి. తెలుగులో." శాంతి దయచేయమని దేవుణ్ణి అడుగుతూ ముగుస్తుంది ఆ భాగం. దాని లాటిన్ మాటల బదులు నేనే తెలుగు మాటలు కూర్చాను. 2022 మార్చిలో ఫ్యూనరల్ సర్వీసులో నేను, షారన్ మొదలుపెట్టాం. అప్పటికి చర్చి ప్రెసిడెంటు అయిన రత్నరాజు లేచి, "వదినా, ఇది పోప్ పాట. మన చర్చిలో అలౌ చేయలేం" అని మైకు కట్టేశాడు. కీబోర్డు ట్రాక్ పెట్టించాడు. సొంత అన్న శవపేటిక ముందు! నా బేస్‌మెంట్‌లో నా చేతి కాఫీ తాగుతూ పాడినప్పుడు అది పోప్ పాట కాలేదు.

నా గొంతు ఆగిపోయింది. షారన్ ఆగలేదు. ఆ కీబోర్డు మోతలోనే నాలుగు గొంతుల్లో తనదైన ఆల్టో భాగం ఒక్కటే చివరిదాకా పాడింది. మూడు నెలలు తండ్రి ఆమెతో మాట్లాడలేదు.

5. నా పగడాల గొలుసు రత్నరాజు భార్యకు. ఆ రోజు ఆమె భర్త చూడకుండా నా చెయ్యి పట్టుకుంది. చూస్తుండగా పట్టుకుని ఉంటే గాజులు కూడా ఇచ్చేదాన్ని.

6. నన్ను నా భర్త పక్కనే పూడ్చండి. బర్డ్ కూడా తన వీలునామాలో భార్య పక్కనే చోటు అడిగాడు. ఆ సమాధి ఎక్కడుందో ఇవాళ ఎవరికీ తెలియదు. నాకు పేరు చెక్కిన రాయి పెట్టించండి. సర్వీసు చర్చిలో వద్దు, నా బేస్‌మెంట్‌లో జరపండి. రత్నరాజు ప్రసంగించకూడదు. రెండు నిమిషాలు కూడా.

7. నా సర్వీసులో పాడటానికి బర్డ్ పాటను పాతకాలపు పద్ధతిలో ఒక్కో గొంతుకూ విడి పుస్తకంగా చేత్తో రాసి ఉంచాను. ఆల్టో షారన్‌కు. నా సొప్రానో, నా భర్త టెనర్ పుస్తకాలు కాలేజీ కాయిర్ స్నేహితులు నా సర్వీసు రోజు చూసి పాడాక నా శవపేటికలో పెట్టండి. అన్నిటికంటే కింది స్వరమైన బాస్ పుస్తకం రత్నరాజుకు. నాలుగో నిబంధన దీనికి వర్తించదు. క్షమించి ఇవ్వడం లేదు. అంతటి గొంతు ఈ ఊళ్లో నేను మరొకటి వినలేదు, అంతే. వచ్చి పాడితే సరే. రాకపోతే ఆ భాగం ఇంకెవరితోనూ పాడించకండి. మూడు గొంతులతోనే కానివ్వండి. ఆ లోటు వచ్చినవాళ్లందరికీ వినపడాలి.

2024 అక్టోబరు 19, శనివారం, షామ్‌బర్గ్.

(సంతకం) పెనుమాక దీనమ్మ

మా కళ్లెదుటే చదివి వినిపించి సంతకం చేశారు. ఇందులో మాకు చెందేది ఏదీ లేదు.
సాక్షులు: శ్యామ్‌సుందర్, పక్కింటివారు
నైనిక, ఎదురింటివారు